కొండదారిపై సైకిల్: చెడ్డార్ లోయలో దారి హక్కుల చరిత్ర

1. ప్రస్తావన

విద్యార్థులారా! ఇంగ్లండ్ వ్యవసాయ విప్లవం గురించీ, ఎన్‌క్లోజర్ చట్టాల గురించీ మీరు ఇంతకుముందు చదివారు. ఆ చట్టాలు ఎప్పుడో ముగిసిన కథ అని మీకు అనిపించి ఉండవచ్చు. వాటి ప్రభావం నేటికీ ఎలా కొనసాగుతున్నదో ఈ వ్యాసంలో ఒక చిన్న ఉదాహరణతో పరిశీలిద్దాం. ఆ ఉదాహరణ కొండదారుల్లో తొక్కే సైకిల్, అంటే మౌంటెన్ బైక్.

చెడ్డార్ అనగానే చాలామందికి చీజ్ గుర్తొస్తుంది. ఆ చీజ్‌కు పేరునిచ్చిన గ్రామం ఇంగ్లండ్ నైరుతి భాగంలో, సోమర్సెట్ కౌంటీలో ఉంది. దాని పక్కనే సున్నపురాయి కొండలను చీల్చుకొని సుమారు 137 మీటర్ల లోతైన ఇరుకు లోయ ఉంది. ఈ లోయా, దీని చుట్టూ ఉన్న మెండిప్ కొండలూ నేడు సైకిల్ ప్రియులకు ఇష్టమైన ప్రదేశాలు. అయితే ఒక దారిలో సైకిల్‌ను అనుమతిస్తారు, పక్క దారిలో అనుమతించరు. రెండూ ఒకే కొండ మీద ఉన్నా ఈ తేడా ఎందుకు వచ్చింది? దీనికి జవాబు భూగోళశాస్త్రంలో కంటే చరిత్రలోనే ఎక్కువగా దొరుకుతుంది.

2. కొండ, దాని పూర్వ చరిత్ర

సున్నపురాయి నీటికి కొద్దికొద్దిగా కరుగుతుంది. అందువల్ల వాననీరు నేలలోకి ఇంకి, లోపల గుహలను తొలుస్తుంది. మన నంద్యాల జిల్లాలోని బెలూం గుహలూ సున్నపురాయిలో ఈ విధంగా నీటి వల్ల ఏర్పడినవే. మంచుయుగాలలో మెండిప్ నేల గడ్డకట్టి, నీరు ఇంకే మార్గాలు మూసుకుపోయాయి. కరిగిన మంచునీరు ఉపరితలం మీదే ప్రవహించి చెడ్డార్ లోయను కోసింది. తర్వాత వాతావరణం వేడెక్కడంతో నీరు మళ్ళీ భూగర్భంలోకి వెళ్ళింది. ఇప్పుడు లోయ అడుగున నది లేదు, రోడ్డు ఉంది.

ఇక్కడి గఫ్ గుహలో 1903లో బయటపడిన మానవ అస్థిపంజరం సుమారు 10,000 సంవత్సరాల నాటిది. దానినే 'చెడ్డార్ మనిషి' అంటారు. క్రీ.శ. 43లో రోమన్లు బ్రిటన్‌పై దండెత్తారు. క్రీ.శ. 49 నాటి ముద్ర ఉన్న మెండిప్ సీసపు దిమ్మె దొరికింది కాబట్టి, వారు వచ్చిన కొద్ది సంవత్సరాలకే ఇక్కడి సీసం గనులు వారి అధీనంలో ఉన్నాయని చెప్పవచ్చు. చార్టర్‌హౌస్ గ్రామం దగ్గర గనుల గుంతలు, తవ్విపోసిన దిబ్బలు నేటికీ కనిపిస్తాయి. 325 మీటర్ల ఎత్తున్న బ్లాక్ డౌన్ ఈ కొండలన్నిటిలోకీ ఎత్తైనది. దాని మీద కంచుయుగపు సమాధి దిబ్బలు ఉన్నాయి. శత్రు విమానాలు దిగకుండా రెండవ ప్రపంచయుద్ధ కాలంలో వరుసగా పోసిన మట్టి, రాళ్ళ కుప్పలూ ఉన్నాయి. మనుషులు వేల సంవత్సరాలుగా వాడుకున్న కొండ ఇది. ఈ విషయం గుర్తుంచుకోండి, దీని అవసరం ముందు వస్తుంది.

3. ఎన్‌క్లోజర్: దారికి గీత పడిన సందర్భం

18వ శతాబ్దం వరకు మెండిప్ పీఠభూమిలో చాలా భాగం ఉమ్మడి మేత భూమి. చుట్టుపక్కల గ్రామాలవారు గొర్రెలను, పశువులను అక్కడికి తోలేవారు. 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట్లో పార్లమెంటు చట్టాల ద్వారా ఈ భూములను విభజించి వ్యక్తుల పరం చేశారు. మెండిప్‌లో నేడు మనకు కనిపించే తిన్నని రాతి గోడలలో చాలావరకు ఆనాటివే.

భూమిని పంచిన కమిషనర్లు ఒక తీర్పు పత్రాన్నీ, పటాన్నీ తయారుచేసేవారు. ఎవరికి ఎంత భూమి వచ్చిందో అందులో ఉండేది. దానితోపాటు ఏ దారి బండ్లకు, ఏ దారి గుర్రాలకు, ఏ దారి కాలినడకకు అన్నదీ రాసేవారు. ఉమ్మడి భూమి మీద పేదవారికి ఉన్న మేత హక్కును తీసివేసిన పత్రమే, ప్రజలకు మిగిలిన దారి హక్కునూ నమోదు చేసింది. ఒకే ఆధారం రెండు వైపులా సాక్ష్యం చెప్పగలదని గమనించండి.

4. సైకిల్ ఏ తరగతికి చెందుతుంది?

19వ శతాబ్దంలో సైకిల్ వచ్చినప్పుడు న్యాయవ్యవస్థకు ఒక చిక్కు ఎదురయింది. ఇది బండియా, కాదా? 1888 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం సైకిల్‌ను బండిగానే పరిగణించాలని నిర్ణయించింది. దీనివల్ల రోడ్డు మీద సైకిల్‌కు తిరుగులేని హక్కు లభించింది. అయితే కాలిబాట మీద, గుర్రపుబాట మీద బండికి హక్కు లేదు కాబట్టి, సైకిల్‌కూ లేకుండా పోయింది. గుర్రపుబాట అంటే నడిచేవారికీ, గుర్రంపై వెళ్ళేవారికీ హక్కు ఉన్న దారి.

20వ శతాబ్దంలో కొండల మీదికి వెళ్ళే హక్కు పెద్ద ప్రజా సమస్యగా మారింది. 1932 ఏప్రిల్ 24న ఉత్తర ఇంగ్లండ్‌లోని కిండర్ స్కౌట్ కొండపైకి శ్రామిక యువకులు మూకుమ్మడిగా ప్రవేశించారు. వారిలో ఐదుగురికి జైలుశిక్ష పడింది. 1949లో జాతీయ పార్కుల చట్టం వచ్చింది. ప్రజల దారులన్నిటినీ సర్వే చేసి అధికారిక పటాలలో చూపాలని అది కౌంటీ కౌన్సిళ్ళను ఆదేశించింది. సైకిల్ మాత్రం ఈ చట్టంతోనూ రోడ్డు దాటలేదు. అయినా మొరటుదారుల్లో సైకిల్ తొక్కేవారు లేకపోలేదు. 1955లో వారు 'రఫ్-స్టఫ్ ఫెలోషిప్' అనే సంఘాన్ని కూడా పెట్టుకున్నారు.

5. 1968 చట్టం, తర్వాత వచ్చిన యంత్రం

1968 నాటి గ్రామీణ ప్రాంతాల చట్టం గుర్రపుబాటల మీద సైకిల్ తొక్కే హక్కును ప్రజలకు ఇచ్చింది. ఇందులో రెండు షరతులు ముఖ్యమైనవి. మొదటిది, సైకిల్‌పై వెళ్ళేవారు నడిచేవారికీ, గుర్రంపై వెళ్ళేవారికీ దారి ఇవ్వాలి. రెండవది, సైకిళ్ళ కోసం ఆ దారులను బాగుచేసే బాధ్యత ఎవరిపైనా ఉండదు.

ఇక్కడ కాలక్రమాన్ని జాగ్రత్తగా చూడండి. 1968 నాటికి మౌంటెన్ బైక్ పుట్టనేలేదు. అది 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, మారిన్ కౌంటీ కొండల్లో రూపుదిద్దుకున్నది. అక్కడి యువకులు పాత బరువైన సైకిళ్ళను కొండ దిగువకు వేగంగా తోలేవారు. ఆ వేగానికి వెనుక చక్రపు బ్రేకులోని గ్రీజు కాలిపోయేది. ప్రతిసారీ మళ్ళీ గ్రీజు నింపవలసి రావడంతో 1976లో మొదలైన వారి పోటీకి 'రీప్యాక్' అనే పేరు వచ్చింది. 1977లో జో బ్రీజ్ ఈ పనికోసమే ప్రత్యేకంగా ఒక చట్రాన్ని తయారుచేశాడు. 1980లలో ఈ సైకిళ్ళు బ్రిటన్‌లో విస్తరించాయి. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ క్రీడకు చోటు దక్కింది.

అంటే, చట్టం మామూలు సైకిల్‌ను దృష్టిలో పెట్టుకొని చేసినది. దానిని ఎక్కువగా ఉపయోగించుకున్నది లావు టైర్లు, గట్టి బ్రేకులు ఉన్న కొత్త సైకిల్. దారులు బాగుచేయనక్కరలేదన్న షరతు కూడా ఈ క్రీడకు అనుకూలించింది. రాళ్ళు, బురద ఉన్న దారే వీరికి కావలసింది.

6. హక్కుతో పాటు వచ్చిన వివాదాలు

కొత్త యంత్రం కొత్త వివాదాలను తెచ్చింది. తడిసిన సున్నపురాయి జారుతుంది. వేగంగా దిగే సైకిల్ నడిచేవారిని భయపెడుతుంది. సమాధి దిబ్బల మీదుగా, గనుల గుంతల గుండా చక్రాలు పోతే మట్టి కోసుకుపోయి, పురావస్తు సాక్ష్యం చెదిరిపోతుంది. మనం రెండవ భాగంలో చూసిన చరిత్రకు హాని జరిగేది ఇక్కడే. అందువల్ల సైకిల్ హక్కును సమర్థించేవారు కూడా దానికి హద్దు ఉండాలని అంగీకరించక తప్పదు.

2000 సంవత్సరపు చట్టం ఇంగ్లండ్, వేల్స్‌లలోని కొండలు, బీడు భూములు, నమోదైన ఉమ్మడి భూములలో స్వేచ్ఛగా తిరిగే హక్కునిచ్చింది. అయితే అది కాలినడకన తిరిగేవారికి మాత్రమే. కాబట్టి ఇటువంటి నేలపై నడిచేవారు దారి వదిలి తిరగవచ్చు, సైకిల్ మాత్రం గుర్రపుబాట గీత మీదనే సాగాలి. స్కాట్లండ్ వేరే మార్గం ఎంచుకుంది. అక్కడి 2003 భూసంస్కరణ చట్టం బాధ్యతగా మెలిగే షరతుపై సైకిల్‌కు కూడా ప్రవేశ హక్కునిచ్చింది. ఒకే ద్వీపంలో రెండు పద్ధతులు ఉన్నాయంటే, ఈ హక్కు ప్రకృతి సిద్ధమైనది కాదనీ, చట్టసభలు తీసుకున్న నిర్ణయమనీ స్పష్టమవుతుంది.

2000 చట్టంలో మరో నిబంధన ఉంది. 1949కి ముందునుంచి ఉండి, అధికారిక పటాలకు ఎక్కని దారులను 2026లోగా నమోదు చేయించాలి. లేకపోతే వాటి హక్కు పోతుంది. దీంతో నడకదారులు, గుర్రపు స్వారీ చేసేవారు, సైకిల్ ప్రియులు దస్త్రాల భాండాగారాల బాట పట్టారు. ఎన్‌క్లోజర్ తీర్పులు, చర్చి పన్నుకు సంబంధించిన టైథ్ పటాలు, 1910 నాటి భూమి విలువల పటాలు వెతికారు. గడువును తర్వాత 2031కి మార్చారు. దానిని పూర్తిగా తొలగించాలన్న ఉద్దేశాన్ని ప్రభుత్వం 2024 డిసెంబరులో ప్రకటించింది. రెండు వందల ఏళ్ళ నాటి కాగితంలో ఒక గీత దొరికితే దారి మిగులుతుంది, దొరకకపోతే పోతుంది. చరిత్ర ఆధారాలను చదవడం తెలిసినవారి అవసరం ఇక్కడ మామూలు ప్రజలకే పడింది.

7. సారాంశం

చెడ్డార్ కొండల మీద సైకిల్ ఎక్కడ వెళ్ళాలో నిర్ణయించేవి మూడు: ఎన్‌క్లోజర్ కాలంలో గీసిన దారి, 1888లో సైకిల్‌కు ఇచ్చిన నిర్వచనం, 1968లో చేసిన సవరణ. ఈ మూడింటినీ చేసినవారిలో ఎవరికీ మౌంటెన్ బైక్ తెలియదు. చట్టాలు తాము ఊహించని కాలంలో, ఊహించని వస్తువులకు వర్తిస్తూ ఉంటాయి. అందుచేత ఒక చట్టాన్ని చదివేటప్పుడు అది ఎవరికోసం వచ్చింది, ఎవరికి ఉపయోగపడింది అనే రెండు ప్రశ్నలనూ విడివిడిగా వేసుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సైకిల్‌ను బండిగా పరిగణించడం వల్ల కలిగిన లాభం, నష్టం ఏమిటి?
2. ఎన్‌క్లోజర్ తీర్పు పత్రం రెండు వైపులా సాక్ష్యం చెబుతుందని ఎలా నిరూపిస్తారు?
3. మీ ఊరి డొంక, పుంత లేదా బండ్లబాటను గ్రామ నక్షాలో గుర్తించండి. నక్షాలోని దారికీ, నేడు నేలమీద ఉన్న దారికీ తేడా ఉంటే, అది ఎప్పుడు, ఎలా వచ్చిందో ఊరి పెద్దలను అడిగి ఒక పేజీలో రాయండి.