మంగలకత్తి: పదును తెలిపెడి చరిత్ర

ఖడ్గమును గూర్చి మన చరిత్రకారులు వ్రాసినంతగా క్షురమును గూర్చి వ్రాయలేదు. ఖడ్గము రాజ్యములను మార్చినది. క్షురము ఇంటింటికిని వచ్చినది. పుట్టువెండ్రుకలు తీయుట మొదలు అపరక్రియల వఱకు అది లేక జరుగని శుభాశుభములు పెక్కు గలవు. గౌతమీతీరమునందలి రావులపాలెము వంటి చోట దీని యవసరము మఱింత స్పష్టము. బృహస్పతి సింహరాశిని ప్రవేశించినపుడు వచ్చు గోదావరి పుష్కరములలో (ఇటీవలివి 1991, 2003, 2015 సంవత్సరములవి) పితృకర్మకు వచ్చిన పెక్కుమంది క్షౌరము చేయించుకొని స్నానమునకు దిగుదురు. ఇట్టి పనిముట్టునకు పదును పెట్టు విద్య యెట్టిది, అది యెవరి చేతులలో నిలిచినది అను విషయమును ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి. ఆ విద్యకు సాక్ష్యములు మాటలలోను, గ్రంథములలోను, పాత కత్తులలోను గలవు.

మొదట మాటలను చూతము. క్షురశబ్దము మిక్కిలి ప్రాచీనము. ఋగ్వేదము ఎనిమిదవ మండలమున, కత్తిని నూఱినట్లు మమ్ము పదునుపెట్టుమని దేవతను వేడుకొను ఉపమ యున్నది. గ్రీకుభాషలోని 'క్సురోన్' ఈ శబ్దమునకు సోదరము. మన 'గొఱుగు' ధాతువు మాత్రము అచ్చ తెలుగు. కత్తులుంచు తోలుసంచికి 'అడపము' అని పేరు. తమలపాకుల తిత్తికిని అదే పేరు. బ్రౌను తన నిఘంటువున రెండర్థములను ఇచ్చియున్నాడు. కన్నడమున 'హడప' శబ్దమును ఇట్టిదే. 12వ శతాబ్దిలో బసవేశ్వరుని సన్నిహితుడైన హడపద అప్పణ్ణ పేరున అది నిలిచియున్నది.

అన్నిటికంటె విలువైన మాట 'పదును'. కత్తి వాడికి ఇదే మాట, లోహమునకు పట్టించిన పాకమునకు ఇదే మాట, వాన కురిసిన పిదప దుక్కికి అనువైన నేల తడికిని ఇదే మాట. తడి యెక్కువైన బురద, తక్కువైన బెడ్డ. కనుక పదును అనగా హద్దు మీఱని స్థితియని మా యభిప్రాయము. ఈ యర్థము కత్తికి ఎంత సరిపోవునో శాస్త్రగ్రంథములు చూపుచున్నవి.

సుశ్రుతసంహిత సూత్రస్థానము ఎనిమిదవ యధ్యాయమున శస్త్రములను సిద్ధపఱచు విధానమున్నది. లోహమునకు పాకము పట్టించుటకు క్షారము, నీరు, నూనె అను మూడు ద్రవములు చెప్పబడినవి. చీల్చు శస్త్రమునకు మసూరపప్పు అంచంత మందము, ఛేదించు శస్త్రమునకు వెండ్రుకలో సగము మందము ధారగా ఉండవలెనని నియమము. నూఱుటకు మినుములవన్నె గల నున్నని రాయి, ధార నిలుపుటకు బూరుగుపలక కావలెను. రోమమును తెగగోయగలిగిననాడే ఆ శస్త్రము పనికి వచ్చును. రాయి ధారను పుట్టించును, పలక దానిని నిలుపును అను ఈ విభాగమే నేటి రాతికిని తోలుపట్టెకును మూలసూత్రము. వృద్ధిపత్రమను శస్త్రము క్షురాకారముగా నుండునని వాగ్భటుడు చెప్పియున్నాడు. పూర్వము పల్లెలలో క్షురకుడే పుండ్లు కోసి కట్టుకట్టెడివాడు. శస్త్రవైద్యమునకును క్షౌరమునకును గల చుట్టఱికము దీనివలన తెలియుచున్నది.

ధార నిలుచుటకు లోహము మంచిది కావలెను. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో ఉక్కు కరగించెడివారు. అచటి పద్ధతిని గూర్చిన వాయిసీ వర్ణన 1832లో బెంగాలు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటితమైనది. పారసీక వర్తకులు ఆ యుక్కును కొనుటకు అచటికి వచ్చెడివారు. 'ఉక్కు' అను దక్షిణదేశపు మాటయే ఆంగ్లమున 'వూట్స్' అయినదని పండితులు భావింతురు. లండనులోని స్టోడార్టు అను శస్త్రములు చేయువాడు ఈ యుక్కును మెచ్చి వాడెను; ఫారడే అతనితో కలిసి 1820, 1822 సంవత్సరములలో ఉక్కు మిశ్రమములపై పరిశోధనలు ప్రకటించి, అట్టి లోహముతో చేయించిన క్షురములను మిత్రులకు కానుకగా నిచ్చెను.

పాత క్షురమును బాగుచేయువాడు ఈ చరిత్రనంతయు మరల చేతితో చదువును. మొదట తుప్పును నూనెతో నానబెట్టి మెల్లగా తీయవలెను. యంత్రపు సానపై వేడెక్కించినచో పాకము చెడి ఉక్కు మెత్తబడును. వెన్నును అంచును రెండును రాతిని తాకునట్లు కత్తిని పఱచి, అంచు ముందు నడువగా నూఱవలెను. వెన్ను మందమే కోణమును నిర్ణయించును గనుక కొలతపరికరముతో పనిలేదు. తోలుపై మాత్రము వెన్ను ముందు నడువవలెను. లేనిచో తోలు తెగును, ధార చెడును. రాతిపై హద్దు మీఱి నూఱినచో అంచున సన్నని పొర తీగవలె వ్రేలాడును. అది వాడివలె తోచి చర్మమును చీల్చును. ఇచటను పదును అనగా ఆగవలసిన చోట ఆగుటయే. కోనసీమ తేమగాలిలో తుడువక విడిచిన ఉక్కు త్వరలో తుప్పుపట్టును. ఆరబెట్టి నూనె పూసి యుంచవలెను.

ఈ నేర్పునకు రాజసభలోను గౌరవము దక్కినది. 16వ శతాబ్ది నడుమ, సదాశివరాయల కాలమున, అళియ రామరాయలు కొండోజు అను క్షురకుని పనికి మెచ్చి ఆ వృత్తివారి పన్నును తొలగించినట్లు శాసనములు చెప్పుచున్నవి. 'చాకలి కొత్త, మంగలి పాత' అను సామెత జనులు ఆ చేతి అనుభవమునకు కట్టిన వెల.

1904లో జిల్లెట్టు పేటెంటు పొందిన భద్రతా రేజరుతో గడ్డము గీచుకొనుట ఇంటి పని యయ్యెను. 1986లో మన దేశమున హెచ్.ఐ.వి. బయటపడిన పిదప, ఒకరికి వాడిన అంచు మఱొకరికి వాడరాదను వివేకము క్రమముగా వ్యాపించెను. అంగళ్లలో సగము బ్లేడు తగిలించు కత్తి వచ్చెను. ఇది ఆరోగ్యమునకు మేలు. దానిని వెనుకకు త్రిప్పవలెనని మేము కోరము. కాని బ్లేడును పాఱవేయువానికి నూఱుటతో పనిలేదు, నూఱుట పోయిన వెంట దాని మాటలును పోవును. భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ వృత్తిపదకోశమును 1962లోను, చేనేత పదకోశమును 1971లోను వెలువరించి మార్గము చూపిరి. పరిశోధక విద్యార్థులు రావులపాలెము మొదలు అంతర్వేది వఱకు తిరిగి, తోలుపట్టెకు, రాతి రకములకు, అంచు దోషములకు వృద్ధ నాయీబ్రాహ్మణులు చెప్పు మాటలను, ఆ పని చేయుచుండగా చేతి కదలికతో సహా, వ్రాసికొనవలెను. అడపములో మిగిలిన కత్తిని ఏ మ్యూజియమైనను దాచగలదు. దానిని నూఱుచు చెప్పు మాటను మాత్రము చెప్పువారు ఉండగనే వ్రాసికొనవలెను.