వెరపాజ్ కొండలలో కాఫీ

మధ్య అమెరికాలోని గ్వాటెమాలా దేశమున ఉత్తరపు కొండలనడుమ ఆల్టా వెరపాజ్ అను సీమ యొకటి కలదు. దాని ముఖ్యపట్టణమగు కోబాన్ సముద్రమట్టమునకు సుమారు 1,300 మీటర్ల యెత్తున నున్నది. ఆ యూరిలో దినములతరబడి విడువక రాలు సన్నని తుంపరను అచటివారు ‘చిపిచిపి’ యందురు. స్పెయిన్ సైనికులకు లొంగక పోరాడుటచే ఈ సీమకు మొదట ‘యుద్ధభూమి’ యని అర్థమిచ్చు తెసులుత్లాన్ అను పేరుండెను. సైనికులెవ్వరును ఇందు అడుగిడరాదను ఒడంబడికను 1537లో పొంది, బార్తొలోమే దె లాస్ కాసాస్ అను డొమినికన్ సన్న్యాసియు ఆయన సహచరులును మాటచేతనే ఈ ప్రజలను క్రైస్తవమునకు త్రిప్పిరి. పిమ్మట ‘నిజమైన శాంతి’ యను అర్థముగల వెరపాజ్ నామము దీనికి స్థిరపడెను. కాఫీ వచ్చువఱకు ఆ పేరు కొంతవఱకైనను సార్థకముగ నిలిచినదనియే నా తలంపు.

ఈ సీమవాసులు మాయాజాతిలోని కెక్చీలు. మొక్కజొన్న చేనే వారి జీవనము, వారి పంచాంగము. ప్రతి కొండకును ఒక దైవము కలదనియు, ఆ దైవమే నేలకు నిజమైన స్వామి యనియు వారి విశ్వాసము. కొండ, లోయ అను రెండు పదములను కూర్చి ఆయనను ‘త్సూల్‌తకా’ యని పిలుతురు. విత్తుటకు ముందు మైనపు వత్తులు వెలిగించి, కోపల్ అను చెట్టుబంక ధూపమువేసి, ఆయన అనుమతి వేడినపిదపనే మట్టిపై చేయివేయుదురు. భూమికి పత్రము వ్రాయించుకొన్నవాడే స్వామి యనుమాట అట్టివారి చెవికి ఎంత వింతగ వినబడియుండునో పాఠకులే ఊహింపవచ్చును.

గ్వాటెమాలా అంతకు మున్ను రంగులనమ్మి బ్రతికిన దేశము. మనకు చిరపరిచితమైన నీలిమందును, తరువాత నాగజెముడు జాతి మొక్కలపై పెంచు కొచినీల్ పురుగులనుండి తీయు ఎఱ్ఱరంగును ఐరోపాకు పంపి ధనమార్జించెను. 1856లో ఇంగ్లండున కృత్రిమవర్ణము పుట్టి, రసాయనశాలల రంగులు క్రమముగ విపణిని ఆక్రమింపగా, ఆ వ్యాపారము కూలి, పాలకుల ఆశయంతయు కాఫీపై నిలిచెను. 1871లో ఉదారవాదులు అధికారమునకు వచ్చిరి. 1873లో అధ్యక్షుడైన హూస్తో రుఫీనో బార్రియోస్ 1877లో రెండు శాసనములు చేసెను. గ్రామసముదాయముల భూములను చిరకాలపు కౌలుపై అనుభవించుచున్నవారు వానిని కొని సొంతము చేసికొనవచ్చునని మొదటిది. తోటల యజమానులు కోరినంత మందిని గ్రామములనుండి పనికి పంపవలెనని రెండవది. ఈ పంపకమునకు స్పానిష్ భాషలో ‘మందామియెంతో’ యని పేరు. తెలుగులో దీనిని వెట్టి యనుటయే న్యాయము. గూడెం కొండలలో రోడ్డుపనికై బలవంతముగ తీసికొన్న వెట్టి 1922 నాటి అల్లూరి సీతారామరాజు పితూరీకి హేతువులలో నొకటి యని యెఱిగిన తెలుగువానికి ఆ పదమునకు వేఱు వ్యాఖ్యానము అక్కఱలేదు.

ఈ రెండు శాసనములను విడివిడిగ చదివినచో వాని మర్మము బోధపడదు. కొండనేల కావలసినంత యుండెను. కొఱవడినది పనిచేయు చేతులు. తన చేనిలో తన మొక్కజొన్న పండించుకొను కెక్చీ రైతు ఒరుల తోటకు కూలికి రాడు. వాని చేను పోయిననేగాని వాని చేతులు దొఱకవు. అందుచేతనే, భూమికొఱకు మనుష్యులను అణచిరను మాటకంటె, మనుష్యులకొఱకు భూమిని కాజేసిరను మాటయే ఈ చరిత్రకు తగినదని నేను దృఢముగ నమ్ముచున్నాను. గ్వాటెమాలా పడమటి సీమలలో కాఫీ పండని చలికొండలను సైతము కొందఱు దొరలు కొని, వానిపై బ్రతుకు జనులను పల్లపు తోటలకు తోలుకొనిపోవుచుండిరి. అట్టి ఆస్తులను ‘మోసోల ఫింకా’లనిరి. మోసో యనగా కూలి, ఫింకా యనగా ఎస్టేటు. ముందుగా బయానా చేతిలోపెట్టి, ఆ యప్పును పుస్తకమున వ్రాసి, తీఱకుండ పెంచి కట్టివేయుట సర్వసామాన్యము. తోట చేతులు మాఱినపుడు ఆ ఋణగ్రస్తుల ఖాతాలును చేతులు మాఱుచుండెను.

ఆల్టా వెరపాజ్‌లో ఈ దొరలు అధికముగ జర్మనులు. పండిన పండ్లను స్త్రీలును పిల్లలును గంపల కోసితెచ్చిన తరువాత, తోలు ఒలిచి, పులియబెట్టి, కడిగి, కళ్ళములలో ఎండబెట్టినపిదప, నొసటికి తగిలించిన తోలుపట్టెకు వ్రేలు బరువును వీపున మోసికొని మగవారు కొండదారులు దిగుచుండిరి. ఆ సరకు పొలోచిక్ నదిపైనున్న పంజోస్ రేవున పడవలకెక్కి, ఈసాబల్ సరస్సుమీదుగా సముద్రము చేరి, ఐరోపాకు పోయెడిది. ఈ దొరలలో అగ్రగణ్యుడు, 1888లో వచ్చిన ఎర్విన్ పాల్ డీసెల్డార్ఫ్, మాయాజనుల ప్రాచీనవస్తువులను త్రవ్వించి, వారి కళను, మతమును గూర్చి జర్మన్ భాషలో గ్రంథములు రచించెను. పూర్వుల పాత్రలపై అంతటి ప్రేమగలవాడే వారి సంతతి శ్రమపై సంపద కూడబెట్టుట నన్ను మిక్కిలి కలతపెట్టిన విషయము. ఇంతకంటె హృదయవిదారకమైనది మఱొకటి కలదు: తరములు గడచినపిదప పెక్కుమంది కెక్చీలు తమ కొండదైవమును తెల్లని మేనుగల దొరరూపముననే వర్ణించిరి.

1934లో నియంత హోర్హే ఉబీకో అప్పుకట్టును రద్దుచేసి, దానికి బదులు చాలినంత భూమిలేనివాడు ఏటికి 100 లేక 150 దినములు కూలిచేసినట్లు చిట్టాపుస్తకమున చూపవలెనని శాసించెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున జర్మనుల తోటలు ప్రభుత్వపరమయ్యెను. 1944 అక్టోబరు విప్లవముతో వెట్టి తొలగెను. 1952లో అధ్యక్షుడు హాకోబో ఆర్బెంజ్ చేసిన భూసంస్కరణ సుమారు లక్ష కుటుంబములకు నేల నిచ్చెను. 1954లో ఆయనను కూలద్రోసినవారు ఆ నేలను మరల లాగుకొనిరి.

1978 మే 29వ తేదీన, ఏ రేవునుండి తమ తాతలు మోసితెచ్చిన కాఫీ ఓడకెక్కెనో ఆ పంజోస్ కూడలియందే, తమ భూమికి పత్రములు కావలెనని కెక్చీ స్త్రీపురుషులు గుమిగూడిరి. సైనికులు కాల్పులు జరిపిరి. ముందు నిలిచిన వృద్ధురాలు అడెలీనా కాల్, ‘మామా మాకీన్’ అని ప్రజలు పిలుచుకొన్న ఆమె, అక్కడనే నేలకొరిగెను. పిమ్మట ఈ హత్యలను విచారించిన సత్యశోధన సంఘము తన నివేదికయందు నమోదుచేసిన మృతుల సంఖ్య 53.