డోలును చూసి భయపడినవారు

చాలాకాలం నేను తరగతిలో ఒక మాట చెబుతూ వచ్చాను: అభ్యుదయ కళకు ప్రాణం వస్తువు, శిల్పం దాని వెంట నడిచేది మాత్రమే. ఈ అభిప్రాయాన్ని ఒక జాజ్ రికార్డు విన్న తర్వాత సవరించుకోవలసి వచ్చింది. ఆ బృందానికి నాయకుడు గాయకుడు కాడు, కవి కాడు. డ్రమ్స్ వాయించే మాక్స్ రోచ్.

ముందుగా కొంత చరిత్ర. 1739లో అమెరికాలోని దక్షిణ కరోలినాలో, స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడ్డారు. డోళ్లు మోగిస్తూ సాగారు. పాలకులు వారిని నెత్తుటిలో ముంచారు. 1740లో చేసిన శాసనం బానిసలు డోళ్లు వాయించడాన్ని నిషేధించింది. వారికి వ్రాత నేర్పడాన్నీ నేరం చేసింది. అక్షరమూ శబ్దమూ రెండూ ఆ వర్గానికి సమానంగా ప్రమాదకరమే.

ఇక 1960. ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు, తెల్లవారికే వడ్డించే ఫలహారపు బల్ల దగ్గర కూర్చుని కదలలేదు. మార్చి 21న దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో పోలీసులు 69 మందిని కాల్చి చంపారు. ఆగస్టు 31న, సెప్టెంబరు 6న రోచ్ బృందం న్యూయార్కులో 'వి ఇన్సిస్ట్!' రికార్డు చేసింది. దాని అట్టపై ఉన్నది ఆ ఫలహారపు బల్ల సత్యాగ్రహమే.

అందులో ఆస్కార్ బ్రౌన్ మాటలు కూర్చిన మొదటి పాట, కొరడా ఝళిపించే మేస్త్రీని గురించినది. లయ అయిదు దెబ్బలది. మొదటి దెబ్బ కొరడా దెబ్బలా పడుతుంది. ఇక్కడ మాట అర్థం చెబితే, లయ ఆ అర్థాన్ని ఒంటికి తగిలిస్తుంది.

తర్వాత వచ్చే 'ట్రిప్టిక్'లో ఆ మాటలు కూడా లేవు. ఉన్నవి అబీ లింకన్ గొంతూ, రోచ్ డ్రమ్సూ. ప్రార్థన, ప్రతిఘటన, శాంతి అని మూడు భాగాలు. నడిమి భాగంలో ఆమె నిమిషానికి పైగా కేకలు వేస్తుంది. నినాదం ఒక్కటీ లేదు. ఐనా ఇంతకంటె స్పష్టమైన నిరసన నేను వినలేదు.

రూపమే సర్వస్వమనేవారు దీనికి సంతోషించనక్కరలేదు. ముందున్న బానిసత్వపు పాటనూ, వెలుపలి ఉద్యమాన్నీ తీసివేస్తే ఆ కేక ఎవరిదో తెలియదు. కాని ఆ చరిత్రను వ్యాసంగా చదివిన నాకు కలగని కలవరం ఈ కేక వల్ల కలిగింది. వస్తువును శ్రోత అనుభవంగా మార్చే శక్తి శిల్పానిదేనని ఒప్పుకోవడానికి నాకిప్పుడు సంకోచం లేదు.

రికార్డులో చివరిది జోహాన్నెస్‌బర్గు కోసం కార్చిన కన్నీరు. అందులోనూ మాటలు లేవు. దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఆ రికార్డును నిషేధించింది. డోలులో ఏముందో 1740 నాటి శాసనకర్తలకు తెలుసు, జాతి వివక్ష పాలకులకూ తెలుసు. కవితలో నినాదాలు లెక్కపెట్టి మార్కులు వేసిన నాబోటి విమర్శకులకే ఆలస్యంగా తెలిసింది.