పదో నంబరు

మంగినపూడి నుంచి హంసలదీవి దాకా ఉన్న తీరంలో అంకెలకి అర్థం వేరు. బందరు రేవులో ఒకటో నంబరు ఎగరేశారంటే సముద్రంలో ఎక్కడో ఏదో కదిలిందని. పదో నంబరంటే ఇల్లు వదలమని. సొల్యూషన్ ఫోకస్డ్ బ్రీఫ్ థెరపీలోనూ సున్నా నుంచి పది దాకా ఒక కొలత ఉంది, కాకపోతే అక్కడ పది అంటే మనిషి కోరుకున్న రోజు.

దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. కనీసం 10,000 మంది పోయారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి విరాళాలు అడిగారు. ఇళ్ళు కట్టారు, బట్టలు పంచారు. మనసు సంగతి మాత్రం ఎవరి ఖాతాలోనూ లేదు. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైందే 1982లో.

ఉప్పెన మరుసటి ఏడాది, 1978లో, అమెరికాలోని మిల్వాకీలో స్టీవ్ డి షేజర్, ఇన్సూ కిమ్ బర్గ్ దంపతులు ఒక చికిత్సా కేంద్రం పెట్టారు. సమస్య ఎందుకొచ్చిందని తవ్వడం కన్నా, అది కాస్త తగ్గిన రోజున నువ్వేం చేశావని అడగడం వాళ్ళ పద్ధతి. రూట్ కాజ్ వెతకడమే ఉద్యోగంగా ఉన్న నాలాంటివాళ్ళకి ఇది ఓ పట్టాన మింగుడుపడదు.

వాళ్ళ ప్రశ్నల్లో బాగా పేరున్నది అద్భుతం ప్రశ్న. రాత్రి నువ్వు నిద్రలో ఉండగా సమస్య మాయమైపోయింది, పొద్దున లేవగానే దేన్నిబట్టి తెలుసుకుంటావు? ఉప్పెనలో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిని ఇది అడగలేం. తెల్లారి లేస్తే ఆవిడ చూడాలనుకునేది ఏమిటో అందరికీ తెలుసు.

అలాంటివాళ్ళ కోసం వాళ్ళ దగ్గరే ఇంకో ప్రశ్న ఉంది: ఇంత జరిగాక ఇన్నాళ్ళూ ఎట్లా నెట్టుకొచ్చావు? మన ఊళ్ళల్లోనూ అడుగుతాం, "ఎట్టా తట్టుకున్నావే తల్లీ" అని. కానీ మనది నిట్టూర్పు, జవాబు కోసం ఆగం. వాళ్ళు ఆగుతారు. చెప్పింది విని, ఇంకా ఏం చేశావని మళ్ళీ అడుగుతారు.

చరిత్ర రాసేవాళ్ళకి కావలసిన ప్రశ్న ఇదేనని నాకనిపిస్తుంది. నవంబరు 19 వచ్చిందంటే మనం అడిగేది ఆ ఒక్క రాత్రి గురించే. నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయి, ఏ చెట్టు పట్టుకున్నారు, ఎవరెవరు పోయారు. డిసెంబరు గురించి అడగం. ఉప్పెక్కిన పొలంలో మళ్ళీ అడుగుపెట్టిందెవరు? మొదటిసారి వల భుజాన వేసుకుని సముద్రం మీదకి పోయిన రోజున ఇంట్లో ఏం మాట్లాడుకున్నారు?

దీన్ని ప్రభుత్వం చేతికిస్తే ప్రమాదం కూడా ఉంది. జనం తట్టుకున్నారు కదా అని చేతులు దులిపేసుకోవచ్చు. 1864 ఉప్పెనలో బందరు ప్రాంతంలో దాదాపు 30,000 మంది పోయారు. ఇక్కడ తుపాను షెల్టర్లు ఎక్కువగా లేచింది మాత్రం 1977 తర్వాతే. అక్కడ ఎందుకని తవ్వాల్సిందే.

ఆ తర్వాత, ఎప్పుడు తగ్గిందనీ అడగాలి. 1990 మేలో అంతే భీకరమైన తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. మృతులు వెయ్యిలోపే, ఎందుకంటే లక్షల మందిని ముందే తరలించారు. ఇల్లు కదలనని మంచం పట్టుకు కూచున్న ముసలాయన ప్రతి ఊళ్ళో ఒకరుంటారు. ఆయన్ని ఎవరు, ఏం చెప్పి లేపారో ఆ ఊళ్ళకి పోయి అడగాలి. అప్పటి కుర్రాళ్ళకి ఇప్పుడు యాభై దాటాయి.