రాయపూర్‌లో తొలి దినం: కోటను వెదకి, చెరువును చేరి

1795 జనవరి మాసాంతంలో జె. టి. బ్లంట్ అనే ఆంగ్ల సైనికాధికారి గంగాతీరంలోని చునార్ నుండి బయలుదేరాడు. అతని గమ్యం నాటి ఏలూరు సర్కారులోని యర్నగూడెం. గంగ నుండి గోదావరి దిశగా సాగే మార్గాన్ని సర్వే చేయడం అతని పని. రతన్‌పూర్ మీదుగా వచ్చి అతడు రాయపూర్ చేరుకున్నాడు. తన యాత్రావృత్తాంతంలో ఈ పట్టణం గురించి వ్రాసినది స్వల్పం: సుమారు 3,000 గుడిసెలు, శిథిలమవుతున్న ఒక రాతికోట. సర్వేయరు దృష్టి సహజంగానే ఇళ్ల సంఖ్యపైన, కోట బలంపైన నిలిచింది.

అటుపిమ్మట రాయపూర్ రూపురేఖలు మారిపోయాయి. 1818లో ఆంగ్లేయులు పరిపాలనా కేంద్రాన్ని రతన్‌పూర్ నుండి ఇక్కడికి తరలించారు. 1931లో విజయనగరం నుండి రాయపూర్‌కు రైలుమార్గం పూర్తయి, విశాఖతీరంతో నేరుగా సంబంధం ఏర్పడింది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం అవతరించడంతో ఇది రాజధాని అయింది. అయినా ఆ రైలులో వచ్చి దిగే తెలుగు యాత్రికుడు, చరిత్రపై మక్కువ ఉన్నవాడైతే, అడిగే మొదటి ప్రశ్న మాత్రం బ్లంట్ నాటిదే: కోట ఎక్కడ?

ఈ ప్రశ్న వెనుక ఒక అలవాటు ఉన్నది. ఇటలీలోని సియెనా వంటి నగరంలో అడుగుపెట్టినవానిని పాతవీధులన్నీ చిప్ప ఆకారంలో ఉన్న విశాలమైన కూడలికి చేరుస్తాయి. పురపాలక సౌధం, దాని ఎత్తైన గంటగోపురం అక్కడే దర్శనమిస్తాయి. తొలి పూటలోనే నగర హృదయం తెలిసిపోతుంది. చారిత్రక నగరమంటే ఇట్లా ఉండాలని తలచి వచ్చినవానికి రాయపూర్‌లో ఉదయం నిరాశతోనే గడుస్తుంది. 1460 ప్రాంతంలో కలచురి వంశీయుడైన భువనేశ్వర సింగ్ నిర్మించాడని గెజిటీర్లు పేర్కొన్న ఆ కోట నేడు లేదు. పురానీ బస్తీ, బ్రహ్మపురి ప్రాంతాల ఇరుకు వీధులలో ఎంత తిరిగినా ప్రాకారం కానరాదు.

కానరానిది కోట, కనిపించేది నీరు. కోట ఉన్నచోటికి ఒక దిక్కున బూఢా తాలాబ్, మరొక దిక్కున మహారాజ్‌బంద్ ఉన్నాయి. ఒకనాడు బూఢా తాలాబ్ దాదాపు ఒక చదరపు మైలు విస్తీర్ణంలో ఉండేదని గెజిటీర్ తెలుపుతున్నది. రైలు రాని రోజులలో, 1877లో, తండ్రి ఉద్యోగరీత్యా రాయపూర్ వచ్చిన బాలుడు నరేంద్రుడు ఈ పరిసరాలలోని బూఢాపారాలోనే సుమారు రెండేళ్లు నివసించాడు. ఆయనే తరువాత స్వామి వివేకానందుడైనందున చెరువుకు వివేకానంద సరోవరమనే పేరు వచ్చింది. మహారాజ్‌బంద్ సమీపంలో దూధాధారీ మఠం, 1775లో బింబాజీ భోంస్లే కట్టించిన రామచంద్రాలయం ఉన్నాయి. గుడి, చెరువు, ఊరు ఒకదానినొకటి ఆశ్రయించి పెరగడం రామప్పనెరిగిన తెలుగువారికి కొత్త విషయం కాదు.

మధ్యాహ్నానికి యాత్రికునికి మరొక సంగతి బోధపడుతుంది. కోటను రాజు ఒక్కడే కట్టించాడు. చెరువులను అనేకులు త్రవ్వించారు. మహారాజ్‌బంద్‌ను మరాఠాల కాలపు శిస్తు గుత్తేదారు ఒకడు నిర్మించాడని గెజిటీర్ చెబుతున్నది. ఊరి నడుమ రాతిమెట్లతో ఉన్న కంకాళీ తాలాబ్ కృపాల్‌గిర్ అనే మహంతు పుణ్యమని ప్రతీతి. తేలీబాంధా పేరులో తేలీలు, అనగా నూనె గానుగలవారు, నిలిచి ఉన్నారు. వరి పండే ఈ మైదానంలో వర్షమంతా ప్రధానంగా నాలుగు నెలలలోనే కురుస్తుంది. ఖారూన్ నది పాతబస్తీకి దూరంగా పడమట ప్రవహిస్తుంది. వాననీటిని నిలుపుకొనకపోతే ఇక్కడ వేసవిలో ఊరు నిలువదు. అందుచేత చెరువు త్రవ్వించడం రాజధర్మంగానే మిగిలిపోక, కలిగినవారందరి ధర్మమైంది.

సాయంకాలం శాస్త్రీ బజారు కూరగాయల సందడిలో నిలిచినవానికి కాళ్లక్రింద ఒకప్పుడు లేండీ తాలాబ్ ఉండేదని స్థానికులు చెబితే తప్ప తెలియదు. రాజ్‌బంధా మైదానంలో నీటికి గుర్తుగా మిగిలింది పేరు మాత్రమే. హైదరాబాదులో మాసాబ్ ట్యాంక్ అని పలికేవారిలో ఎందరికి అక్కడి చెరువు స్ఫురిస్తుంది? ఊరు ఏదైనా కథ ఒకటే. కోట కూలినప్పుడు రాళ్లయినా మరొక గోడకు పనికివస్తాయి. చెరువు పూడినప్పుడు దానిని నింపిన వాగుల దారి కూడా మూసుకుపోతుంది. వాన మాత్రం పాతదారిని మరువక వీధులలోకి వస్తుంది.

పట్టణానికి కోట కాలం చెల్లిన అవసరం. నీరు అట్లా కాదు. కోట పోయినందుకు విచారించిన యాత్రికుడు చీకటిపడే వేళకు బూఢా తాలాబ్ గట్టున కూర్చుంటే, తాను ఉదయం వెదకిన నగర హృదయం ఎదుటనే ఉన్నదని గ్రహిస్తాడు. అది ఒకనాటి విస్తీర్ణంలో లేదని కూడా గ్రహిస్తాడు. బ్లంట్ గుడిసెలను లెక్కించి తన దారిన దక్షిణానికి సాగిపోయాడు. మిగిలిన చెరువులను లెక్కించి, వాటి హద్దులను పత్రాలలోనూ నేలపైనా నిలపవలసిన బాధ్యత మాత్రం ఇక్కడ ఉండేవారిది, వారిని పాలించేవారిది.