చేని కావలికి మంచె ఎక్కడ వేయాలి?

చెనక్కాయ ఊడలు దిగి కాయ పట్టే రోజులు వస్తే బాగేపల్లి, చింతామణి పల్లెల్లో రాత్రి కావలి మొదలవుతుంది. గుట్టల అంచున చేలున్నవాళ్ళకు పగలు నెమళ్ళ బాధ, చీకటి పడితే జింకలు, నడిరాత్రి అడవిపందులు. మొన్న మన సంఘం దగ్గర ఇద్దరు కుర్రవాళ్ళు నన్నడిగారు: "సార్, మంచె ఎక్కడ వేస్తే జింక దొరుకుతుంది?" సరదాకే అడిగి ఉంటారు. అయినా ఆ ప్రశ్నే ఈ వ్యాసం రాయించింది.

దొరికే మాట ముందే తీసేద్దాం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ ప్రకారం జింకను వేటాడటం నేరం. చంపడం ఒక్కటే వేట కాదు. ఉచ్చు పెట్టడం, వల వేయడం, తరిమి పట్టడం, అందుకు ప్రయత్నించడం కూడా చట్టం దృష్టిలో వేటే. కృష్ణజింక ఆ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. దాని విషయంలో నేరం రుజువైతే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు, 2022 సవరణ తర్వాత 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. ఎవరో తెచ్చి ఇచ్చిన మాంసం ఇంట్లో దొరికినా చిక్కే. నేను ముప్పై ఏళ్ళు గుమాస్తాగా ఫైళ్ళు మోసినవాణ్ణి. కేసు అంటే ఎన్ని తిరుగుళ్ళో చూశాను.

కానీ మంచె వేయడం నేరం కాదు. అది వేటగాడిది కాకముందే రైతుది. కన్నడంలో అట్టణె అంటారు, మనది మంచె. తాతల కాలంలో దాని మీద వడిసెల, నాలుగు గులకరాళ్ళు, ఒక డబ్బా ఉండేవి. ఇప్పుడు టార్చిలైటు, సెల్‌ఫోను. వేటగాడి మంచెకూ కావలి మంచెకూ తేడా తెలియకపోతే మాత్రం రాత్రంతా మేలుకున్నా పంట దక్కదు.

నాకు ఆ తేడా మా నాయన చెప్పాడు, నేను తప్పు చేశాక. కొత్తగా ఉద్యోగంలో చేరి కార్తీకంలో సెలవు మీద ఊరికి వచ్చాను. మా రెండెకరాల చేనికి పడమర గుట్ట. ఆ రోజుల్లో బెంగళూరు కెన్నెత్ ఆండర్సన్ వేట కథలు తెగ చదివేవాణ్ణి. ఆయన 1910లో సికింద్రాబాదు బొల్లారంలో పుట్టారు, బెంగళూరులో స్థిరపడ్డారు, చిత్తూరు జిల్లా చామల లోయ పులి గురించి కూడా రాశారు. ఆ మత్తులో నేను నైరుతి మూల వేపచెట్టు గుబురులో మంచె కట్టి, లాంతరు మీద గోనె కప్పి, దగ్గకుండా కూర్చున్నాను. తెల్లారి చూస్తే వాయవ్య మూల వంకలోనుంచి జింకలు దిగి నాలుగు సాళ్ళు మేసి పోయాయి. మా నాయన చేను చూసి, నన్ను చూసి అన్నాడు: "ఏమిరా, దాక్కునేదానికి ఎక్కినావా, కనపడేదానికి ఎక్కినావా?"

అసలు సంగతి అదే. వేటగాడు తన వాసన జింకకు అందకూడదని గాలి వాటుకు అవతల కూర్చుంటాడు. కావలివాడి వాసన జింక చేనులో కాలు పెట్టకముందే దాని ముక్కుకు తగలాలి. జ్యేష్ఠం నుంచి భాద్రపదం దాకా మన వైపు గాలి పడమర, నైరుతి నుంచి వీస్తుంది. ఆశ్వయుజం దాటాక ఈశాన్యానికి తిరుగుతుంది. చెనక్కాయ పీకేదీ రాగి కోసేదీ గాలి తిరిగాకే. కాబట్టి గుట్ట పడమరగా ఉన్న చేనికి ఆ నెలల్లో తూర్పు, ఈశాన్య గట్టు మంచిది. మన వాసన చేను మీదుగా గుట్ట వైపు పోతుంది. మా నాయన మంచెను అక్కడికే మార్చాడు, లాంతరు మీద గోనె తీయించాడు. అనుమానముంటే మంచె మీదినుంచి చిటికెడు పొయ్యి బూడిద వదలండి, అది ఎటు పోతే మీ వాసన అటే.

ఒక చిక్కుంది. మార్గశిరంలో ఆకాశం తేటగా ఉండి గాలి ఆడని రాత్రుల్లో, గుట్ట మీద చల్లబడిన గాలి నెమ్మదిగా పల్లానికి జారుతుంది. అప్పుడు మన వాసన గుట్ట ఎక్కదు. ఆ రాత్రులు వాసనను నమ్ముకోకుండా గుట్ట వైపు గట్టు మీదికి మారి దీపం, చప్పుడు మీద ఆధారపడాలి. కదిలించగలిగిన మంచె అయితే మేలనేది ఇందుకే.

చోటు ఎంచేముందు రెండు రోజులు గట్టు చుట్టూ తిరగండి. జంతువు ఎక్కడబడితే అక్కడ దిగదు. వంక, కుంట, కంచెలో సందు, ఇవే దాని దారులు. జింక అడుగు రెండు గిట్టలుగా సన్నగా పడుతుంది, మెత్తటి నేలలో పంది అడుగు వెనక చిన్న గిట్టల గుర్తులు కూడా ఉంటాయి. జింక ఆకు కొసలు తుంచుతుంది, పంది చెట్టుతోసహా పెళ్ళగిస్తుంది. కృష్ణజింక వేరే రకం; బయలు నేల ఇష్టం, ముక్కు కంటే కన్ను పదును. గౌరిబిదనూరు అవతల మధుగిరి తాలూకు మైదనహళ్ళిలో వాటి కోసమే జయమంగళి సంరక్షణ ప్రాంతం ఉంది. అటు చేలున్నవాళ్ళు పొద్దున, సాయంత్రం మంచె మీద నిలబడి కనిపించడమే సగం కావలి.

ఇక చెట్టు. చింత, వేప, కానుగ, నేరేడు బాగా పట్టుకుంటాయి. మునగ పనికిరాదు, పుటుక్కున విరుగుతుంది. నీలగిరికి పంగ సరిగా ఉండదు, కొమ్మ నమ్మకం లేదు. ఎండుకొమ్మ ఉన్న చెట్టు ఏదైనా వద్దు. బయట ఒంటరిగా ఎత్తున నిలిచిన చెట్టు పిడుగును పిలుస్తుంది. ఆశ్వయుజంలో ఉరుములు మొదలైతే ఏ మంచె మీదైనా సరే దిగి ఇంటికి పోండి, పంట పోయినా ఫరవాలేదు. తగిన చెట్టు లేకపోతే నాలుగు సర్వి గుంజలు పాతి కట్టుకోవచ్చు. ఎనిమిది, తొమ్మిది అడుగుల ఎత్తు చాలు. పాము భయం తప్పుతుంది, చేనంతా కనిపిస్తుంది. అంతకు మించి ఎక్కితే పడినప్పుడు దెబ్బే పెద్దది.

పడటం చిన్న విషయం కాదు. అమెరికాలో లైసెన్సు తీసుకుని, సీజను చూసి జింకల వేటకు పోయేవాళ్ళు చెట్టుకు ఇనుప మంచె బిగిస్తారు. మంచె మీదినుంచి పడటం అక్కడి వేటగాళ్ళకు పెద్ద ప్రమాదం. అందుకని ఒళ్ళంతా పట్టే బెల్టు వేసుకుని చెట్టుకు తగిలించుకుంటారు. మన దగ్గర నిద్ర ముంచుకొస్తుంది కాబట్టి ఆ అవసరం ఇంకా ఎక్కువ. బెల్టు దొరక్కపోతే మూడు పక్కలా నడుమెత్తు అడ్డకర్ర అయినా కట్టండి. చేతిలో టార్చి, భుజాన దుప్పటి పెట్టుకుని ఎక్కవద్దు. ఎక్కి కూర్చున్నాక తాడుతో పైకి లాగండి.

మంచె పైన, పక్కన కరెంటు తీగ లేకుండా చూసుకోవాలి. చేను చుట్టూ తీగ కట్టి మోటారు లైను నుంచి కరెంటు ఇచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు. తెల్లవారుజామున గడ్డి కోసే ఆడమనిషి కాలికే అది తగులుతుంది. అది నేరం కూడా. ఆ తీగ పక్క చేనులో ఉందని తెలిస్తే మీ మంచె ఆ గట్టు మీద వేయకండి, పంచాయితీలో చెప్పండి.

ఇంత చేసినా పంట పోతే అటవీశాఖకు అర్జీ పెట్టుకోవచ్చు. చేను సర్దకముందే ఫోటోలు తీయండి, అడుగు పక్కన ఒక రూపాయి బిళ్ళ పెడితే కొలత తెలుస్తుంది. పహణి, ఆధార్, బ్యాంకు పుస్తకం నకళ్ళు జతచేయండి. ముఖ్యంగా అర్జీ ఇచ్చినట్టు తేదీతో రశీదు అడిగి తీసుకోండి. కన్నడంలో రాయడం కష్టమైతే ఆదివారం పొద్దున సంఘం గదికి రండి, నేనే రాసిపెడతాను.

కోతలయ్యాక మంచెను చెట్టు మీదే వదిలేయకండి. వానకు తడిసి ఎండకు ఎండిన తాడు చూపుకు బాగానే ఉంటుంది. మరుసటి ఏడు దాని మీద ఎక్కేవాడు మన ఇంటి పిల్లాడే.