మూడవ తరగతి జ్ఞానోపదేశం: అనంతపురం కరవుసీమ నుండి ఒక పరిశీలన

అనంతపురం పీఠభూమిలో ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే కురుస్తుంది. వేరుశనగ ఎండిపోయిన ఏడు అనేక కుటుంబాలు బెంగుళూరు దారి పడతాయి, బిడ్డల చదువు నడుమనే తెగిపోతుంది. కాబట్టి కథోలిక పాఠశాలలో మూడవ తరగతి బిడ్డ ఏమి నేర్చుకొంటాడన్న ప్రశ్న ఇక్కడ పాఠ్యపుస్తకాలతో తీరేది కాదు. ఊరు విడిచిన బిడ్డతో ఏది వెళ్తుంది అన్నదే మనము విచారించవలసిన విషయం.

ఈ సీమకు కథోలిక బోధ 18వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఫ్రెంచి జెస్విట్ల కర్ణాటక మిషన్ ద్వారా వచ్చింది. వారిలో ఒకరైన లె గాక్ 1718లో కృష్ణాపురం నుండి పుదుచ్చేరి గవర్నరుకు వ్రాసిన లేఖ నేటికీ లభ్యమవుతున్నది. గురువులు కొద్దిమందే గనుక గ్రామాలలో ఉపదేశులే జపాలను నోట చెప్పించి నేర్పేవారు. 1773లో పోపు 14వ క్లెమెంటు జెస్విట్ సభను రద్దు చేశాడు. అయినను విశ్వాసం అంతరించలేదు. గుంటూరు సీమలోని ఫిరంగిపురం సంఘపు మూలాలను చరిత్రకారులు ఈ ప్రాంతం నుండి వలస వెళ్ళిన తెలుగు కుటుంబాలలో చూస్తారు. ఆ కుటుంబాల వెంట వెళ్ళిన విశ్వాసానికి కంఠస్థమైన జపాలే పెద్ద ఆధారం.

మూడవ తరగతి వయస్సుకు ప్రాముఖ్యం వచ్చింది 1910లో. పదవ పయస్ పోపు ఆ సంవత్సరపు శాసనంలో, వివేకం కలిగే సుమారు ఏడేళ్ళ ప్రాయం నుండే బిడ్డలకు దివ్యసత్ప్రసాదం ఇవ్వవచ్చునని తెలిపాడు. అంతకుముందు అనేకచోట్ల పది, పన్నెండేళ్ళ దాకా ఆగేవారు. నాటి నుండి ఎనిమిదేళ్ళ బిడ్డ జ్ఞానోపదేశ తరగతిలో సిలువ గుర్తు, పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం, పది ఆజ్ఞలు వల్లిస్తూ, పాపసంకీర్తనానికీ తొలి సత్ప్రసాదానికీ సిద్ధపడుతున్నాడు.

అదే బల్లపై కథోలికుడు కాని బిడ్డ కూడా కూర్చుంటాడు. ఇద్దరికీ తెలుగు, ఇంగ్లీషు, గణితం, పరిసరాల విజ్ఞానం ఒక్కటే. 1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం 30వ అధికరణంలో అల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలు నడుపుకొనే హక్కునిచ్చింది. 28వ అధికరణం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు గల బడిలో సంరక్షకుల సమ్మతి లేకుండా ఏ బాలునీ మతబోధకు కూర్చోబెట్టరాదు. అందుచేత కథోలిక బాలలకు జ్ఞానోపదేశం, తక్కినవారికి నీతిబోధ అనే ఏర్పాటు స్థిరపడింది.

1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘానికి చెందినవారికైనా, లూథరనులకైనా ఇది పరాయి మాట కాదు. 1529లో లూథరు చిన్న ప్రశ్నోత్తర గ్రంథాన్ని గృహ యజమానులను దృష్టిలో ఉంచుకొని వ్రాశాడు. మన సండే స్కూళ్ళలో పాటలూ కథలూ ఉన్నవి, మంచిదే. అయితే మూడవ తరగతి ముగిసేసరికి మన బిడ్డకు ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం నోటికి వచ్చునా? వచ్చిన వాటి అర్థం తెలియునా? అర్థం లేని వల్లెవేత విశ్వాసం కాదు, నిజమే. కాని జ్ఞాపకంలో ఏమీ లేని బిడ్డకు తరువాత వివరించడానికి కూడా ఏమీ ఉండదు.

ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం బోధను ఇంటికి మాత్రమే పరిమితం చేయలేదు, త్రోవను కూడా పేర్కొన్నది. కరవుసీమ కాపరులమైన మనకు ఆ త్రోవ బాగా తెలిసినదే. వలస బస్సు ఎక్కే తల్లిదండ్రులకు ఆ పాఠాన్ని ముందుగానే అప్పగించడం మన పని.